మీకు పడిశం పడితే మీ చిలుక సంగతేమిటి?

మీకు పడిశం పట్టింది. ముక్కు కారుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. బడి మానేసి ఇంట్లో పడుకున్నారు. కిటికీ పక్కన పంజరంలో మీ చిలుక కిచకిచలాడుతూ మిమ్మల్నే చూస్తోంది. రోజూ మీ భుజం మీద కూర్చుని ఆడుకునే పిట్ట అది. ఇవాళ దగ్గరకు తీసుకోవచ్చునా? మీ పడిశం దానికీ అంటుకుంటుందా?

జవాబు చెప్పే ముందు ఒక మాట. చిలుక అనగానే మనకు ఎర్రముక్కు రామచిలుక గుర్తొస్తుంది. కాని మన దేశపు రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇక్కడ చెప్పేది విదేశీ జాతుల పెంపుడు చిలుకల గురించి. మన ఊళ్ళలో "లవ్ బర్డ్స్" అని అమ్మే చిన్న పిట్టలు చాలా వరకు ఆస్ట్రేలియా దేశపు బడ్జీలే. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. తల మీద కుచ్చు ఉండే కాకటీల్ కూడా ఆస్ట్రేలియాదే. ఇవన్నీ చిలుకల జాతికి చెందినవే.

ఇక జవాబు. మనుషులకు వచ్చే మామూలు పడిశం చిలుకకు అంటదు. మన ఫ్లూ కూడా సాధారణంగా అంటదు.

ఎందుకని? వైరస్ మన శరీరంలోకి ఊరికే దూరిపోలేదు. జీవకణం పైపొర మీద తాళాల వంటివి ఉంటాయి. వైరస్ మీద తాళంచెవుల వంటివి ఉంటాయి. చెవి సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. మనుషుల ఫ్లూ వైరస్ చెవి మన ముక్కు, గొంతుల్లోని తాళాలకు సరిపోతుంది. పక్షుల ఫ్లూ వైరస్ చెవి వేరు. ఎప్పుడైనా ఒక వైరస్ తన చెవిని మార్చుకోవచ్చు. అందుకే బర్డ్ ఫ్లూ మీద శాస్త్రజ్ఞులు అంతగా కన్నేసి ఉంచుతారు. కోవిడ్ వచ్చిన 2020లో ఆ వైరస్‌ను కోళ్ళకు, బాతులకు ఎక్కించి చూశారు. వాటికి అది అంటలేదు.

మరో సంగతి కూడా ఉంది. పడిశం వైరస్‌కు మన ముక్కులోని చల్లదనం ఇష్టం. 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది బాగా పెరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. చిలుక ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే! మనకైతే అది భయంకరమైన జ్వరం. దానికి అది ఆరోగ్యం.

హమ్మయ్య అనుకుని పిట్టను ముద్దు పెట్టుకోబోతున్నారా? ఆగండి.

అన్ని క్రిములూ పడిశం వైరస్ వంటివి కావు. మన నోటిలో లెక్కలేనన్ని బాక్టీరియాలు ఉంటాయి. వాటిలో కొన్ని మనకు ఏ హానీ చేయవు గాని, చిలుక కడుపులో చేరితే జబ్బు కలిగిస్తాయి. కొందరు పిల్లలు జామపండు ముక్కను పెదవుల మధ్య పెట్టుకుని చిలుకకు అందిస్తారు. నమిలిన అన్నం పెట్టేవారూ ఉన్నారు. చూడటానికి ముద్దుగానే ఉంటుంది. కాని ఒళ్ళు బాగున్నప్పుడు కూడా చేయకూడని పని అది.

ఇంకా ముఖ్యమైనది క్షయ. ఈ జబ్బును కలిగించే క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ ప్రకటించాడు. ఇక్కడొక వింత ఉంది. మనుషుల క్షయ క్రిమి కోళ్ళకు దాదాపు అంటదు. చిలుకలకు మాత్రం అంటగలదు! క్షయ ఉన్న యజమాని నుంచి పెంపుడు చిలుకకు జబ్బు సోకిన సంఘటనలు పశువైద్య గ్రంథాలకెక్కాయి. కాబట్టి తాతయ్యకో, మామయ్యకో క్షయ అని తేలితే, ఇక అంటదని డాక్టరుగారు చెప్పేదాకా పంజరం ఆ గదిలో ఉండరాదు. ఆ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి.

ఇప్పుడు మీరు ఊహించని ప్రమాదం. అది మీ జబ్బు కాదు, మీ జబ్బుకు ఇంట్లో చేసే వైద్యం!

పడిశం పట్టగానే అమ్మ ఏం చేస్తుంది? మరిగే నీళ్ళలో నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టిస్తుంది. ఛాతీకి బామ్ రాస్తుంది. నాయనమ్మ సాంబ్రాణి పొగ వేస్తుంది. జ్వరం రోజుల్లో దోమలు కుట్టకూడదని నాన్న కాయిల్ వెలిగిస్తాడు. ఈ ఘాటు, ఈ పొగ అన్నీ పంజరం దాకా వెళతాయి.

చిలుక ఊపిరి మన ఊపిరిలాంటిది కాదు. దాని ఊపిరితిత్తులు మన వాటిలాగా ఉబ్బి ముడుచుకోవు. వాటికి తోడు తొమ్మిది గాలితిత్తులు ఉంటాయి. పీల్చిన గాలి ముందు వెనుక తిత్తుల్లోకి పోతుంది. అక్కడినుంచి ఊపిరితిత్తుల గుండా ముందు తిత్తుల్లోకి, ఆ తరువాత బయటికి. ఒక గుక్కెడు గాలి లోపలికి వెళ్ళి రావడానికి రెండు శ్వాసలు పడతాయన్నమాట. లోపలికి పీల్చేటప్పుడూ, బయటికి వదిలేటప్పుడూ కూడా పక్షి ప్రాణవాయువును గ్రహిస్తూనే ఉంటుంది. ఎగరడానికి కావలసిన శక్తి అలా వస్తుంది. కాని గాలిలో విషం ఉంటే అదీ అంత చురుగ్గానే ఎక్కుతుంది. దీన్ని ఆధారం చేసుకునే 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు గని కార్మికులకు ఒక ఉపాయం చెప్పాడు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువును పసిగట్టడానికి చిన్న పిట్టలను గనిలోకి తీసుకుపొమ్మన్నాడు. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 వరకూ కానరీ పిట్టలు ఈ పని చేశాయి. మనిషి కంటే ముందు పిట్ట సోలిపోయేది. పాపం, దాని ఇష్టాన్ని ఎవరూ అడగలేదు.

కాబట్టి పొగ వేసినా, ఆవిరి పట్టినా పంజరాన్ని ముందుగా వేరే గదికి మార్చమనండి. వంటింటికి మాత్రం కాదు. నాన్‌స్టిక్ పెనాన్ని పొయ్యి మీద ఉంచి మరచిపోతే, అది అతిగా కాగి వెలువడే వాయువు నిమిషాల్లో చిలుకను చంపగలదు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు ఇటువంటి మతిమరుపులు సహజం.

మరొక పొరపాటు. "నాతోపాటు దీనికీ నలతగా ఉంది" అని మీ మాత్రలో ఓ పలుకు దాని నీళ్ళలో కలపకండి. మీ బరువు 35 కిలోలు అనుకోండి. బడ్జీ బరువు సుమారు 35 గ్రాములు. వెయ్యి బడ్జీలు కలిస్తే ఒక మీరు! అర మాత్రను వెయ్యి ముక్కలు చేయగలరా? చేసినా, మన మందులు పక్షి ఒంట్లో మనలో పనిచేసినట్లు పనిచేయవు.

మీరు లేచి తిరిగేదాకా గింజలు, నీళ్ళు పెట్టే పని అక్కకో తమ్ముడికో అప్పగించండి. చిన్న పిట్ట ఒక్క రోజు తిండి లేకపోయినా నీరసించిపోతుంది. ఎవరూ లేక మీరే చేయవలసివస్తే సబ్బుతో చేతులు కడుక్కుని, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని చేయండి. విరేచనాలు పట్టుకున్నప్పుడు చేతులు మరీ శ్రద్ధగా కడగాలి. సాల్మొనెల్లా వంటి క్రిములు మనకూ పక్షికీ రెండింటికీ అంటుతాయి.

చిలుక జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనబడిన పిట్టనే డేగ ఎత్తుకుపోతుంది కదూ! అందుచేత ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే, ఊపిరికొకసారి తోక పైకీ కిందికీ ఊగుతోందంటే, ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

ఒక్కోసారి కథ తిరగబడుతుంది. మీకు వచ్చింది చిలుక ఇచ్చిన జబ్బే కావచ్చు! 1929-30లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన పెంపుడు చిలుకల ద్వారా ఐరోపా, అమెరికా దేశాల్లో "చిలుక జ్వరం" వ్యాపించి ఎందరో చనిపోయారు. ఇప్పుడు దానికి మంచి మందులున్నాయి. దగ్గుతో జ్వరం వచ్చి నాలుగు రోజులకూ తగ్గకపోతే, డాక్టరుగారితో "మా ఇంట్లో చిలుక ఉందండీ" అని చెప్పండి. ఆయన అడగకపోయినా సరే, చెప్పండి.