గంజాయి మొక్కలోని మత్తు పదార్థం: టి.హెచ్.సి. గురించి విస్తరణ సిబ్బందికి ఒక పాఠం

వర్షాధార వేరుశనగ మీదనే ఆధారపడిన చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట రైతుకు ప్రత్యామ్నాయ పంట ఏదన్న ప్రశ్న కొత్తది కాదు. ఈ ప్రశ్నకు ‘హెంప్’ అనే సమాధానం నేడు చరవాణిలో సులభంగా దొరుకుతున్నది. నీరు తక్కువ చాలునని, నార, గింజ, ఔషధం మూడూ ఒకే మొక్కలో లభిస్తాయని ప్రచారం. ఇది విన్న రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడిగే మొదటి మాట ఒక్కటే: “అయ్యా, అది గంజాయేనా, కాదా?” వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, చట్టం ఈ ప్రశ్నకు ఒకే విధమైన సమాధానం చెప్పవు. ఆ తేడా తెలియకుండా ఇచ్చే సలహా రైతును కారాగారం వరకు తీసుకువెళ్ళగలదు.

ముందుగా పేర్ల గందరగోళాన్ని తొలగించుకోవాలి. మనం పచ్చిరొట్టగా వేసే జనుమును ఆంగ్లంలో ‘సన్ హెంప్’ అంటారు. అది చిక్కుడు కుటుంబానికి చెందిన క్రొటలేరియా జున్సియా. గంజాయితో దానికి ఎట్టి సంబంధమూ లేదు. నార కొరకు పెంచే గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకును పోలి ఉండుటచేతనే దానికా పేరు వచ్చింది. కానీ గోగు ఆకు లోతుగా చీలిన ఒకే ఆకు. గంజాయిది విడివిడి పత్రకాలు గల సంయుక్త పత్రం. గోగు కాండంపై సన్నని ముళ్ళుంటాయి, పువ్వు పెద్దదై లేత పసుపు రంగులో, మధ్య ముదురు ఎరుపుతో ఉంటుంది. గంజాయి పువ్వుకు కంటికి ఆనే రేకులే ఉండవు. ఆడ, మగ పూలు సాధారణంగా వేర్వేరు మొక్కలపై పూస్తాయి.

మత్తుకు ప్రధాన కారణం డెల్టా-9-టెట్రాహైడ్రోకన్నాబినాల్, సంక్షిప్తంగా టి.హెచ్.సి. దీని అణువులో 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. నత్రజని లేదు; కాబట్టి నికోటిన్, మార్ఫిన్‌ల వలె ఇది ఆల్కలాయిడ్ కాదు. విద్యార్థులు పరీక్షలలో తరచుగా చేసే పొరపాటు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోని 1964లో దీనిని శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించారు. మెదడులో ఇది సి.బి.1 అనే గ్రాహకానికి అతుక్కొంటుంది. ఆ గ్రాహకానికి శరీరంలో సహజంగా తయారయ్యే పదార్థాన్ని 1992లో కనుగొన్నప్పుడు సంస్కృతంలోని ‘ఆనంద’ పదంతో ‘ఆనందమైడ్’ అని నామకరణం చేశారు. పేరు ఆహ్లాదకరమే గాని, జ్ఞాపకశక్తి, శరీర సమన్వయం, కాలస్పృహ దెబ్బతినేది ఈ గ్రాహకం ద్వారానే. ఎదుగుతున్న వయస్సులో వాడినవారికి మానసిక రుగ్మతల ముప్పు అధికం.

మొక్క అంతటా ఈ పదార్థం సమానంగా ఉండదు. ఆడ పూలను కప్పి ఉండే చిన్న పత్రపుచ్ఛాలపై కాడ గల గ్రంథి కేశాలుంటాయి. వాటి తలభాగంలోని జిగురులోనే ఇది అత్యధికంగా చేరుతుంది. ఆకులలో తక్కువ, కాండంలో అత్యల్పం, వేళ్ళలోనూ గింజ లోపలా దాదాపు లేదు. గింజపై కనిపించే స్వల్ప మోతాదు పై జిగురు అంటుకొనుట వల్లనే. ఘాటైన వాసనకు కారణం ప్రధానంగా టెర్పీన్‌లు. కనుక వాసనను బట్టి మత్తు మోతాదును అంచనా వేయరాదు.

అసలు మెలిక ఇక్కడున్నది. పచ్చి మొక్క టి.హెచ్.సి.ని తయారు చేయదు. కన్నాబిజెరాలిక్ ఆమ్లం నుండి ఒక ఎంజైము టి.హెచ్.సి. ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఈ ఆమ్లానికి మత్తు గుణం లేదు. వేడి తగిలినప్పుడు ఆమ్లం నుండి బొగ్గుపులుసు వాయువు విడిపోయి టి.హెచ్.సి. ఏర్పడుతుంది. కాల్చినప్పుడు ఇది క్షణాలలో జరుగుతుంది. ఎండలో, నిల్వలో నెమ్మదిగా జరుగుతుంది. ఆమ్లపు అణుభారం 358.5, టి.హెచ్.సి.ది 314.5. ఈ రెంటి నిష్పత్తి 0.877. అందుచేత మొత్తం టి.హెచ్.సి.ని లెక్కించుటకు ఆమ్లం శాతాన్ని 0.877తో గుణించి, అప్పటికే ఉన్న టి.హెచ్.సి.ని కలపాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విత్తనం అమ్మేవాడు చూపిన పత్రంలో ‘టి.హెచ్.సి. 0.05 శాతం’ అని ఉన్నది. అదే నమూనాలో ఆమ్లం 0.42 శాతం. 0.42ను 0.877తో గుణిస్తే 0.368, దానికి 0.05 కలిపితే 0.418 శాతం. పత్రంలో పెద్ద అక్షరాలతో ముద్రించిన అంకె నిజమే, కానీ దాని అర్థం వేరు. పరీక్ష పద్ధతిని కూడా గమనించాలి. గ్యాస్ క్రొమాటోగ్రఫీలో నమూనా వేడెక్కుతుంది గనుక, ముందుగా రసాయన చర్య జరిపించకపోతే, ఆమ్లమూ టి.హెచ్.సి.గానే కనిపిస్తుంది. ద్రవ క్రొమాటోగ్రఫీ రెండింటినీ వేరువేరుగా చూపుతుంది. నమూనా పాతబడితే టి.హెచ్.సి. ఆక్సీకరణం చెంది కన్నాబినాల్‌గా మారుతుంది కనుక ఎప్పుడు తీశారో, ఎట్లా నిల్వ చేశారో తెలియని నమూనా ఫలితాన్ని నమ్మరాదు.

మోతాదు దేనిని బట్టి మారుతుంది? ప్రధానంగా జన్యువును బట్టి. అదే పూర్వ పదార్థం నుండి మరొక ఎంజైము మత్తులేని సి.బి.డి. ఆమ్లాన్ని చేస్తుంది. ఈ రెండు ఎంజైములలో ఏది పనిచేస్తున్నదో దానిని బట్టి రకం స్వభావం నిర్ణయమవుతుంది. అయితే రెండవ ఎంజైము కూడా కొద్దిగా టి.హెచ్.సి. ఆమ్లాన్ని తయారు చేస్తుంది. కనుక సి.బి.డి. కొరకు పెంచే రకంలో పూలు ముదిరే కొద్దీ రెండూ కలిసి పెరుగుతాయి. కోత ఆలస్యమైతే పరిమితి దాటవచ్చు. గంజాయి గాలి ద్వారా పరాగ సంపర్కం చెందే పంట. పుప్పొడి చాలా దూరం పోగలదు. రైతు తన వేరుశనగ విత్తనాన్ని దాచుకొన్నట్లు దీని విత్తనాన్ని దాచుకొంటే, మరుసటి ఏటి మొక్కలు ఏ స్వభావంతో మొలుస్తాయో చెప్పలేము.

తరచుగా వినిపించే 0.3 శాతం అనే పరిమితికి కూడా ఒక కథ కలదు. 1976లో కెనడాకు చెందిన ఎర్నెస్ట్ స్మాల్, అమెరికాకు చెందిన ఆర్థర్ క్రాంక్విస్ట్ గంజాయి వర్గీకరణ కొరకు గీసిన గీత అది. కొంతవరకు తమ ఇష్టానుసారం గీసినదేనని వారే అంగీకరించారు. వర్గీకరణ కొరకు పుట్టిన అంకె తర్వాత అనేక దేశాల చట్టాలలో చేరింది. మన దేశంలో ఉత్తరాఖండ్ కూడా సాగు అనుమతికి ఇదే పరిమితిని పాటిస్తున్నది.

కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో సాగును నిషేధించుటకు ఈ అంకెతో పని లేదు. ఆ చట్టం దృష్టిలో ‘గంజాయి మొక్క’ అనగా కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా సరే. టి.హెచ్.సి. తక్కువ అన్న వాదన సాగుకు రక్షణ కాదు. అనుమతి లేని సాగుకు 20వ సెక్షన్ క్రింద పదేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి. నార, గింజల కొరకో ఉద్యాన అవసరాలకో ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ద్వారా అనుమతించే వీలు 14వ సెక్షన్ కల్పిస్తుంది. ఆ ఉత్తర్వు చేతిలో లేనిదే విత్తు నాటరాదు. చట్టం ‘గంజాయి’ అన్నది పూత, కాయ గల కొనలను; కొనలు లేని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఈ మినహాయింపును చూపి ‘గింజ చట్టబద్ధమే గదా’ అని రైతుకు విత్తనం అంటగట్టేవారుంటారు. 2021లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ హెంప్ గింజను, నూనెను, పిండిని ఆహారంగా గుర్తించిన మాట నిజమే. అది తినుటకు ఇచ్చిన గుర్తింపు మాత్రమే, పొలంలో వేయుటకు కాదు.

తన భూమిలో అక్రమ సాగు జరుగుతున్నదని తెలిసి చెప్పకపోతే 46వ సెక్షన్ ప్రకారం భూయజమాని కూడా శిక్షార్హుడే. కౌలుకు ఇచ్చిన మెట్ట చేలలో ఏమి మొలిచిందో చూడని యజమానులకు ఈ మాట తప్పక చేరవేయాలి. సర్పంచులు, గ్రామాధికారులు, ప్రభుత్వ ఉద్యోగులు తమకు తెలిసిన వెంటనే సమాచారం ఇవ్వాలని 47వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. పొలం సందర్శనకు వెళ్ళిన వ్యవసాయ శాఖ ఉద్యోగి కూడా ఆ కోవలోని వాడే.