ఎనిమిది సీట్లు, 1,240 పౌండ్లు

ఈ శీర్షికలో మామూలుగా సర్వర్లు, డేటాబేసుల గోల ఉంటుంది. ఈసారి మా ఇంటి ముందు నిలబడి ఉన్న యంత్రం గురించి రాస్తాను. మనలో చాలామంది అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారనగానే కారు అమ్మేసి మినీవ్యాన్ కొంటాం కదా, నేనూ అదే చేశాను. ఎనిమిది సీట్లు. "అందరం ఒకే బండిలో వెళ్తే ఆ సరదాయే వేరు" అని అమ్మ ఫోన్లో అన్న మాటే ఆ కొనుగోలుకి అసలు కారణం.

2016 జులైలో న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మానాన్న, మా బావమరిది, అతని భార్య, వాళ్ళ పిల్లలిద్దరు. వెనక సామాన్లు, పైన రూఫ్ బాక్సు. ఊరు దాటగానే స్టీరింగ్ కాస్త తేలిగ్గా అనిపించింది. చీకటితోనే బయల్దేరామేమో, ఎదురుగా వచ్చేవాళ్ళు లైట్లు కొట్టడం మొదలెట్టారు. నా లైట్లు డిమ్‌లోనే ఉన్నాయి, వీళ్ళకేమైందనుకున్నాను. వెనక భాగం కుంగితే ముక్కు పైకి లేస్తుందని, అప్పుడు డిమ్ లైటు కూడా ఎదుటివాడి కళ్ళలో పడుతుందని నాకు తట్టనే లేదు.

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద సైడ్లింగ్ హిల్ దగ్గర కాఫీకి ఆగాం. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. బండి ఆగితే చుట్టూ ఒక ప్రదక్షిణం చెయ్యడం ఆయన అలవాటు. వెనక్కి వెళ్ళి అక్కడే నిలబడిపోయారు.

"ఏరా, వెనక టైరు పొట్ట చూశావా? ఇలాంటి బండి మా డిపోలో గేటు దాటేది కాదు."

"డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగలేదు నాన్నా" అన్నాను. మానిటరింగ్‌లో అలర్ట్ రాలేదు కాబట్టి సిస్టమ్ బాగుందనుకునే వృత్తి మనది!

ఆ లైటు సంగతి చెప్తాను. 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం పుణ్యమా అని 2008 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటిలోనూ టైరు గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది. కానీ చట్టం అడిగేది గాలి 25 శాతం తగ్గినప్పుడు హెచ్చరించమని. మా బండికి ఉండాల్సింది 35 పి.ఎస్.ఐ. అంటే సుమారు 26కి పడిపోతే గానీ లైటు వెలగాల్సిన పని లేదు. గేజి పెట్టి చూస్తే వేడి టైరు 31 చూపించింది. పరిగెత్తిన టైరులో గాలి వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు అంతకంటే తక్కువే అన్నమాట. గాలి తక్కువ, బరువు ఎక్కువ అయితే టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది. ఆ వంగడమే వేడి. వేసవిలో, హైవే వేగంలో టైరు పేలడానికి దారితీసేది ఆ వేడే.

ఇహ బరువు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. మా బండికి 1,240. ఈ లెక్కలో తయారీదారులు ఒక్కో సీటుకి 150 పౌండ్లు పట్టుకుంటారు. ఎనిమిది సీట్లకి 1,200 పోతే సామాన్లకి మిగిలేది అక్షరాలా 40 పౌండ్లు! అమ్మేటప్పుడు ఎవరూ ఈ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. కప్ హోల్డర్లు మాత్రం లెక్కపెట్టాను.

అక్కడే బెంచీ మీద కూర్చుని లెక్క వేశాం. మనుషులు 1,045, పిల్లల సీట్లు 20, నీళ్ళ సీసాల కేసులు రెండు 52, రూఫ్ బాక్సు 45, అందులో సామాను 100, వెనక బ్యాగులు 140, ఐస్ పెట్టె 45. మొత్తం 1,447. అంటే 207 పౌండ్లు ఎక్కువ. రూఫ్ బాక్సు బరువు కూడా ఈ లెక్కలోదే. పైగా ఎత్తున ఉంటుంది కాబట్టి మలుపుల్లో బండిని పక్కకి లాగుతుంది.

నీళ్ళ కేసులు పక్క కారువాళ్ళకి ఇచ్చేశాం. టైర్లకి గాలి కొట్టించాం. ఇంకా 155 ఎక్కువే. అల్లెఘెనీ కొండల దిగుళ్ళలో కుడి లేన్లో, తక్కువ గేర్లో, బ్రేకుల వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తూ నడిపాను. అలా వెళ్ళడం సరైన పని అని ఇప్పటికీ అనను. వెనక సీట్లో పిల్లలు పాడుతుంటే నేను మాట్లాడలేదు. నాన్న కూడా మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణానికి బావమరిది కారు అద్దెకి తీసుకున్నాడు. అమ్మ ముఖం చిన్నబోయింది. "ఇంతోటి వ్యాను కొని రెండు బళ్ళేమిట్రా?" అంది. నాన్నే సర్దిచెప్పారు.

తర్వాత మా క్రికెట్ మిత్రులు టోర్నమెంటుకి పదిహేను సీట్ల వ్యాను తీసుకుందామన్నారు. అవి నిండితే సంగతి ఇంకా ఘోరం. వెనక ఇరుసు దాటి చాలా బండి పొడుచుకుని ఉంటుంది. అక్కడ జనం కూర్చుంటే బరువు వెనక్కీ పైకీ జరుగుతుంది. 2001లో అమెరికా రహదారి భద్రత సంస్థ వీటి మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. వేరే వాహనాన్ని గుద్దకుండా ఒంటరిగా జరిగే ప్రమాదాల్లో, పదిమందికి పైగా ఎక్కిన వ్యాను బోల్తా పడే రేటు, తక్కువమందితో వెళ్ళే వ్యానుకంటే దాదాపు మూడు రెట్లని. తర్వాత స్టెబిలిటీ కంట్రోల్ వచ్చి కొంత నయమైంది, కానీ బరువు ఎక్కడికీ పోదు కదా. మేం రెండు మినీవ్యాన్లలో వెళ్ళాం.

మన ఇళ్ళన్నిట్లోనూ ఇండియా ప్రయాణం కోసం కొన్న చేతి తూకం ఒకటి ఉంటుంది. సూట్‌కేసు 50 పౌండ్లు దాటిందా అని అర్ధరాత్రి దాకా తూచి, ఊరగాయ సీసా ఇందులోంచి అందులోకి మారుస్తాం. మా తూకం ఇప్పుడు గరాజ్‌లో, గాలి గేజి పక్కన వేలాడుతోంది. ప్రయాణం ముందురోజు మా ఆవిడ సామాను బరువులు చదువుతుంది, నేను రాసుకుంటాను. మనుషుల బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ తన అంకె చెప్పదు. నేనే ఒక పది పౌండ్లు కలిపి వేసుకుంటాను.