ఫ్లాష్ వెలిగింది, ఫొటో మాత్రం చీకటి

మన డిపార్ట్‌మెంట్ అటెండరమ్మ రిటైరైన రోజు ఫొటోలు తీసే పని నాకు అప్పగించారు. శాలువా కప్పినప్పుడు, పండ్ల తట్ట ఇచ్చినప్పుడు, ఊరి నుంచి వచ్చిన మనవరాలు స్టేజీ ఎక్కి ఆమెను వాటేసుకున్నప్పుడు, ప్రతిసారీ ఫ్లాష్ తళుక్కుమంది. అన్నీ బాగానే వచ్చాయనుకున్నా. ఇంటికెళ్లి చూస్తే స్టేజీ అంతా మసక. మా అమ్మ తొంగిచూసి కన్నడంలో "బరీ కత్తలు" అంది, అంతా చీకటే అని. మర్నాడు తాళాలు అప్పగించడానికి వచ్చిన అటెండరమ్మ "నా మొగమేది పాపా దీంట్లో?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం అదే కెమెరాతో అదే హాల్లో మళ్లీ మళ్లీ తీసి చూశాను. తెలిసింది మీకోసం రాస్తున్నా.

మొదటి కారణం: దూరం

ఫ్లాష్ వెలుగు ముందుకు పోయేకొద్దీ వెడల్పుగా, ఎత్తుగా పరుచుకుంటుంది. అందుకే దూరం రెండింతలైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది.

ఫ్లాష్ బలాన్ని గైడ్ నంబర్ అనే అంకెతో చెప్తారు. దాన్ని లెన్స్ ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్ల దాకా సరిపోతుందో తెలుస్తుంది. కెమెరాకే ఉండే చిన్న ఫ్లాష్‌కు ఇది ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 12. నేను వెనక వరుసలో నిలబడి జూమ్ చేశాను. జూమ్ చేసేసరికి లెన్స్ ఎఫ్ 5.6కి పోయింది. కెమెరా తనంతట తాను ఐఎస్ఓ 400 పెట్టుకుంది. ఐఎస్ఓ నాలుగు రెట్లయితే గైడ్ నంబర్ రెండింతలు, అంటే 24. దాన్ని 5.6తో భాగిస్తే దాదాపు 4.3 మీటర్లు. నేనున్నదేమో ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో! కావాల్సిన వెలుగులో నాలుగో వంతే ఆమె మొహం మీద పడింది. ఫ్లాష్ తన బలమంతా పెట్టింది పాపం, తప్పు నాదే.

చేయాల్సింది: జూమ్ తగ్గించి, నడిచి దగ్గరికి వెళ్లాలి. కుదరకపోతే ఐఎస్ఓ 1600 పెట్టాలి. కొంచెం గరుకుగా వస్తుంది, కానీ మొహం కనిపిస్తుంది.

రెండో కారణం: తెలుపు

మూడు మీటర్ల దగ్గరికి వెళ్లి తీసినా ఫొటో కాస్త డల్‌గానే వచ్చింది. స్టేజీ వెనక కట్టిన తెల్లగుడ్డ దీనికి కారణం. ఆటో ఫ్లాష్ అసలు వెలుగుకు ముందు క్షణంలో చిన్న మెరుపు ఇచ్చి, తిరిగొచ్చిన కాంతిని కొలుస్తుంది. ఎదుట ఉన్నదంతా మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. తెల్లగుడ్డ నుంచి వెలుగు ఎక్కువగా తిరిగిరాగానే "ఇక చాలు" అనుకుని తగ్గించేస్తుంది. అద్దం, జరీ ఉన్నా ఇదే గొడవ.

చేయాల్సింది: కెమెరాను 'పి' మోడ్‌కి తిప్పి, ఫ్లాష్ కాంపెన్సేషన్ +1 పెట్టాలి. ఒక అంకె పెంచితే ఫ్లాష్ వెలుగు రెండింతలవుతుంది. అయితే దూరం వల్ల చీకటైన ఫొటోకి ఇది పనికిరాదు. ఫ్లాష్ అప్పటికే పూర్తి బలంతో వెలుగుతోంది కాబట్టి పెంచడానికి ఇంకేమీ మిగలదు. అందుకే ముందు దగ్గరికి జరగండి, తర్వాతే ఈ బటన్.

చిన్న కారణాలు రెండు

మొదటి ఫొటో బాగుండి వెంటనే తీసినవి చీకటైతే ఫ్లాష్ ఇంకా ఛార్జ్ కాలేదన్నమాట. రెడీ లైటు వెలిగేదాకా ఆగండి. ఫొటో అడుగున అర్ధచంద్రంలా నీడ పడితే లెన్స్ హుడ్ తీసేయండి.

చీకటి ఫొటోని కంప్యూటర్లో వెలిగించి చూశాను. మొహం కనబడింది కానీ ఇసుక చల్లినట్టుంది. చివరికి అటెండరమ్మను పిలిచి, వరండాలో మళ్లీ శాలువా కప్పి తీశాం. ఆమె నవ్వుతూనే ఉంది. ఫొటో చక్కగా వచ్చింది. మనవరాలు మాత్రం అప్పటికే ఊరికి వెళ్లిపోయింది.

ఆ రోజు మొదటి ఫొటో తీయగానే ఒక్కసారి తెర మీద చూసుకుని ఉంటే రెండు నిమిషాల్లో సరిపోయేది. వచ్చే ఫంక్షన్‌కి కెమెరా ఎవరు పట్టుకున్నా, కార్యక్రమానికి ముందే ఒక స్నేహితురాలిని స్టేజీ మీద నిలబెట్టి ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూసుకోండి.

— ద్వితీయ బి.ఎ. విద్యార్థిని