ఇచ్చిపుచ్చుకోవలసిన పత్రం

నెల్లూరు తీరాన రొయ్యల చెరువుల గట్లపై అక్కడక్కడ ఒంటరి గుడిసెలు కానవస్తాయి. వాటిలో ఉండి కాపలా కాసేవారిలో యానాదులు పలువురు. బయానాగా పుచ్చుకొన్న కొద్దిపాటి సొమ్ము తీరక, కుటుంబాలు ఏళ్ల తరబడి ఆ గట్లకే కట్టుబడిపోయిన ఉదంతాలు ఈ ప్రాంతంలో వెలుగుచూశాయి.

1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం ఇటువంటి అప్పులను చెల్లకుండా చేసింది. అది వెట్టి అప్పు కాదని నిరూపించే భారాన్ని ఋణదాతపైనే మోపింది. 1987లో చేసిన న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం షెడ్యూల్డు తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. యానాదులు ఆ తెగలలోని వారే.

అయినా చట్టం తనంత తాను చెరువు గట్టుదాకా నడిచిరాదు. దానిని అక్కడికి చేర్చే స్వచ్ఛంద సంస్థకు నిధులు కావాలి; నిధులకు ప్రాజెక్టు ప్రతిపాదన కావాలి. పల్లెలో తిరిగే కార్యకర్తకు ప్రతి గుడిసె గోడూ తెలుసు. లక్ష్యాలు, ఆయవ్యయ అంచనా, ఫలితాల మదింపు వంటి పడికట్టు మాటలే తెలియవు. నిధులు పొందిన సంస్థ తన ప్రతిపాదనను నమూనాగా ఇస్తే ఈ చిక్కు చాలవరకు తీరుతుంది. ఇస్తే తమ నిధి ఇతరులకు పోవునేమోనన్న భయం అసహజమేమీ కాదు. కాని చట్టాన్ని వివరించే పుటలు ఎవరు వ్రాసినా ఒకటే కదా! తిరస్కృతమైన ప్రతిపాదనను దాత వ్రాసిన అభ్యంతరాలతో సహా ఇవ్వగలిగితే ఇంకా మేలు.

నమూనాను ఉన్నదున్నట్లు దించుకోవడం మాత్రం ప్రమాదం. ఇటుకబట్టీ వద్ద అనేక కుటుంబాలు ఒకేచోట ఉంటాయి. ఒక్క సమావేశంతో అందరినీ కలుసుకోవచ్చు. రొయ్యల చెరువుల వద్ద గుడిసెకూ గుడిసెకూ నడుమ ఎంతో దూరం. బట్టీల కోసం వేసిన అంచనాను ఇక్కడికి తెచ్చుకొంటే ప్రయాణపు సొమ్ము ఏడాది నడుమనే అడుగంటుతుంది. ఫలితాల లెక్కా అంతే. జరిపిన సమావేశాలెన్ని అన్నదానికన్న, అధికారుల నుండి పొందిన విముక్తి ధ్రువపత్రాలెన్ని అన్నదే ముఖ్యం. పునరావాస సహాయానికి ఆ పత్రమే ఆధారం.

నమూనా చేతులు మారకముందు చేయవలసిన పని ఒకటున్నది. బాధితుని పేరు, ఊరు, అప్పు మొత్తం, చెరువు గుర్తులు పూర్తిగా తొలగించాలి. ఆ పత్రం తిరిగి తిరిగి యజమాని కంటబడిననాడు, ఇంకా విడుదల కాని కుటుంబం ఆ గట్టుమీదనే ఉంటుంది.