పాత ఫ్రిజ్జు – క్రొత్తది దొరకని కాలము

కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రముల సరిహద్దుల చెంత జుక్కల్ మండలము కలదు. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది నిజామాబాదు జిల్లాలోనిది. ఇప్పుడు బాన్సువాడ రెవెన్యూ డివిజనులో చేరియున్నది. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వినవచ్చు ఈ ప్రాంతమువారు ఇంటికి పెద్ద వస్తువు కొనవలెనన్న బిచ్కుందకో, బాన్సువాడకో, సరిహద్దు దాటి దేగ్లూరునకో పోవుదురు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినపుడు ఈ దారులన్నియు ఒక్కమారుగా మూతబడినవి. మందులు, కిరాణా, పాలు, కూరగాయలు అమ్మువారికి అనుమతి యుండెను గాని, ఫ్రిజ్జులమ్ము దుకాణములు అత్యవసరముల పట్టికలో లేవు. కర్మాగారములు ఆగెను, పనివారు స్వస్థలములకు పోయిరి. సరిగా ఎండలు ముదురు సమయమున పాత ఫ్రిజ్జు మూలబడిన యింట ఏమి చేయవలెనను ప్రశ్న అప్పుడు పుట్టినది. మే నెలలో అంగళ్లు దశలవారీగా తెరచిన పిదప కూడ కోరిన సరుకు వెంటనే దొరకలేదు. మరుసటి సంవత్సరము మే 12 మొదలు జూన్ 19 వరకు మన రాష్ట్రమున మరల లాక్‌డౌన్ వచ్చెను.

కొరత యనునది ఆ రెండేండ్లతో పుట్టినది కాదు. మన దేశమున గోద్రెజ్ సంస్థ 1958 లో ఫ్రిజ్జుల తయారీ ఆరంభించెను. 1942 లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ సనత్‌నగర్ కర్మాగారమునుండి బీరువాలు, బస్సు బాడీలతోపాటు ఫ్రిజ్జులను కూడ తయారుచేసి తెలుగువారి యిండ్లకు పంపెను. ఎవరు ఎన్ని పెట్టెలు చేయవచ్చునో ప్రభుత్వ లైసెన్సు నిర్ణయించు రోజులవి. 1991 లో అనేక పరిశ్రమలకు ఆ నిర్బంధము తొలగినను, ఫ్రిజ్జులకు 1993 లోగాని తొలగలేదు. ఆల్విన్ ఫ్రిజ్జుల వ్యాపారము ఆ దశకముననే వోల్టాస్ సంస్థ చేతికి పోయినది. ఆ పాత పెట్టెలను ముప్పది యేండ్లు నడుపుకొన్న కుటుంబములు నేటికిని కనబడును. వస్తువు గట్టిదగుట ఒక కారణమైనను, మరియొకటి దొరకదను భయముతో దానిని జాగ్రత్తగా చూచుకొనుట అంతకంటె పెద్ద కారణమని మా యభిప్రాయము.

కావున మొదట తెలిసికొనవలసినది పాత ఫ్రిజ్జు నిజముగా చెడినదా, లేక అలసినదా అన్నది. ఇందుకు అది పనిచేయు తీరు కొంచెము తెలియవలెను. ఫ్రిజ్జు చలిని పుట్టించు యంత్రము కాదు. మోట బావిలోని నీటిని తోడి కాలువలో పోసినట్లు, ఇది పెట్టెలోని వేడిని తోడి వెలుపల పారబోయును. మంచుగడ్డలు కట్టు అరచుట్టు నున్న సన్నని గొట్టములలో వాయువు ద్రవరూపమునుండి ఆవిరియగుచు వేడిని పీల్చుకొనును. వెనుక అడుగున నున్న నల్లని కుండవంటి కంప్రెసరు ఆ ఆవిరిని ఒత్తి వెనుక జాలరిలోనికి నెట్టును. అచట అది తన వేడిని గాలికి విడిచి మరల ద్రవమగును. క్రొత్త రకములలో ఈ జాలరి ప్రక్క రేకుల లోపల దాగియుండును. అట్టివాటి ప్రక్కలు వెచ్చబడుట దోషము కాదు.

ఈ సంగతి గ్రహించినచో సగము రోగములు కంటికే కనబడును. జాలరిపై దుమ్ము, వంటింటి మసి అట్టకట్టినచో వేడి బయటకు పోదు. ఫ్రిజ్జును గోడకు ఆనించి పెట్టినను, కట్టెల పొయ్యి చెంత నుంచినను అంతే. వెనుక జానెడు ఎడముంచి, ప్లగ్గు పీకి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుటకు పైసా ఖర్చు లేదు. తలుపు చుట్టునున్న రబ్బరు పట్టీ వదులైనచో చిల్లుపడిన బొక్కెనతో నీరు తోడినట్లగును. ఒక కాగితమును తలుపు సందున పెట్టి మూసి, లాగి చూడవలెను. కాగితము అడ్డులేక జారివచ్చినచో అచట గాలి దూరుచున్నదని అర్థము. సబ్బునీటితో పట్టీని కడిగి, వంగిన చోట వేడినీటి గుడ్డతో కాచి సరిచేసిన చాలాసార్లు కుదురుకొనును. కుదరకున్న పట్టీ మాత్రమే మార్పించవచ్చును.

మంచు విషయమున మాత్రము గట్టిగా హెచ్చరింపక తప్పదు. పై అరలో మంచు మందముగా పేరుకొన్నపుడు కత్తితోనో, స్క్రూడ్రైవరుతోనో గీకుట మన యిండ్లలో సాధారణము. ఆ రేకు వెనుకనే వాయువు పారు సన్నని గొట్టము కలదు. ఒక్క పోటు తగిలిన వాయువంతయు పోవును. పదేండ్లు నడువదగిన పెట్టె అర నిమిషములో మూలబడును. ఫ్రిజ్జు ఆపి తలుపు తెరచియుంచిన మంచు తానే కరగును. అంతకు మించిన ఉపాయము అక్కరలేదు.

ఇక ఫ్రిజ్జు చల్లబడుటయే మానినపుడు మెకానిక్కు వచ్చి "కంప్రెసరు పోయినది" అనుట వినుచుందుము. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. కంప్రెసరు ప్రక్కన రిలే, ఓవర్‌లోడు అను చిన్న భాగములు కలవు. ఇవి చెడినచో యంత్రము క్షణకాలము మూలిగి, టిక్కుమని ఆగి, కొన్ని నిమిషములకు మరల ప్రయత్నించును. ఇవి కొద్ది ఖర్చుతో పోవు వస్తువులు. అయితే వోల్టేజి బాగుగా పడిపోయినపుడు కూడ యంత్రము ఇట్లే మూలుగును. బోర్ల మోటార్లన్నియు ఒక్కమారు నడచు వేళ ఇట్లు జరిగి, రాత్రి సరిగా నడచుచున్నచో తప్పు ఫ్రిజ్జుది కాదని తెలియవలెను. అట్టి చోట తగిన స్టెబిలైజరు పెట్టుట క్రొత్త ఫ్రిజ్జు కొనుటకంటె ముందు చేయవలసిన పని. లేనిచో క్రొత్తది కూడ అదే గతి పట్టును. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఫ్రిజ్జు వేయక, లోపలి ఒత్తిడి సమమగుటకు నాలుగైదు నిమిషములు ఆగవలెను.

కంప్రెసరు ఆగక నడచుచు, మంచు అరలో ఒక మూలను మాత్రమే మంచు కట్టినచో వాయువు తగ్గినదని అనుమానింపవలెను. కారిన చోటు వెదకి మూయక మరల వాయువు నింపించుట ఓటికుండలో నీరు పోయుటయే. ఇందు ఏ వాయువు అన్నది ముఖ్యము. ఫ్రిజ్జు వెనుక అంటించిన పట్టికపై ఆర్-12, ఆర్-134ఎ, ఆర్-600ఎ అను గుర్తులలో ఒకటి యుండును. ఆర్-12 ఆకాశముననున్న ఓజోను పొరకు చేటని తేలి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము ననుసరించి, మన దేశమున 2008 ఆగస్టునుండి ఫ్రిజ్జులకొరకు దాని ఉత్పత్తి ఆగినది. ఆ వాయువుతో నడచు పెట్టె కారినచో ఇక దానిపై ధనము వెచ్చింపరాదు. ఆర్-600ఎ వంటగ్యాసువలె మండు స్వభావము గలది. గొట్టములో అది మిగిలియుండగా నిప్పు మంటతో అతుకు వేయు పనివానిని వారింపవలెను. కిటికీలు తెరచి, వాయువును బయటకు విడిచిన పిదపనే పని సాగవలెను.

మరమ్మతునకు లొంగినను ఉంచుకొనదగని ఫ్రిజ్జు ఒకటి కలదు. అది ముట్టిన జివ్వుమనునది. దీనిని చిన్నదిగా తీసికొని, కాలికి చెప్పులు వేసికొని తలుపు తెరచువారున్నారు. ఎర్తు తీగ లేని యింట, మూడు కాళ్ల ప్లగ్గులో ఒక కాలు విరిచి రెండు రంధ్రముల సాకెట్టులో పెట్టిన యింట ఇది ప్రాణాపాయము. తడికాళ్లతో వచ్చిన పిల్లవాడు తలుపు పట్టుకొన్నచో మరి చెప్పనక్కరలేదు. అట్టి ఫ్రిజ్జును ఆ క్షణముననే ఆపి, ఎర్తును, లోపలి తీగలను పరీక్ష చేయించువరకు తిరిగి వేయరాదు.

క్రొత్తది కొనినచో కరెంటు ఖర్చు తగ్గునను మాట సత్యమే. ఎంత తగ్గునో లెక్క చూచుకొనవలెను. ఇంటివారు పొలమునకు పోవు రోజున తక్కినవన్నియు ఆపి, ఫ్రిజ్జు ఒక్కటే నడచునట్లుంచి, మీటరు అంకెను పోవునపుడును వచ్చినపుడును వ్రాసికొన్నచో గంటల వాడకము తెలియును. దానిని దినమునకు హెచ్చింపవలెను. పాతది రోజుకు 2 యూనిట్లు, క్రొత్తది 0.6 యూనిట్లు తీసికొనుననుకొందము. నెలకు ఆదా 42 యూనిట్లు. యూనిటుకు 5 రూపాయల చొప్పున 210 రూపాయలు. 15,000 రూపాయల ఫ్రిజ్జు తన ధరను ఈ విధముగా రాబట్టుటకు ఆరేండ్లు పట్టును. ఇందుకై కొరత కాలమున అధిక ధర పెట్టి పరుగెత్తనవసరము లేదు. కాని 2024 లో ఆరంభమైన గృహజ్యోతి పథకము క్రింద నున్న కుటుంబములకు లెక్క వేరు. నెలకు 200 యూనిట్లు దాటినచో బిల్లు మొత్తము కట్టవలసివచ్చును. వాడకము 200 అంచున నున్న యింట పాత ఫ్రిజ్జు తినివేయు ఆ 42 యూనిట్లే సున్నా బిల్లునకును పూర్తి బిల్లునకును నడుమ తేడా కాగలవు.

నక్షత్రముల లేబిలును గూర్చి ఒక మాట. నక్షత్రముల కొలత కాలక్రమమున కఠినమగుచు వచ్చినది. కొన్నేండ్ల క్రింద అయిదు నక్షత్రములు పొందినది నేటి కొలతకు అంతకంటె తక్కువ కావచ్చును. నిలువ సరుకు అమ్ము కాలమున ఈ భేదము మరుగుపడును. నక్షత్రములను గాక, లేబిలుపై నున్న సంవత్సరమును, ఏడాదికి ఎన్ని యూనిట్లు అను అంకెను చదువవలెను. "పదేండ్ల వారంటీ" అన్నచో అది చాలవరకు కంప్రెసరునకే గాని వాయువునకు, కూలికి, తక్కిన భాగములకు కాదు, బిల్లుపై వ్రాయించుకొనవలెను. చిన్నది లేదని దుకాణదారు పెద్దది అంటగట్టినపుడు తొందరపడరాదు. నలుగురున్న యింటికి 180, 190 లీటర్లది సాధారణముగా చాలును. పాత ఫ్రిజ్జును మరొకరివద్ద కొనువారు అది కనీసము నాలుగు గంటలు నడచి చల్లబడుట చూడక డబ్బు ఈయరాదు.

క్రొత్తది వచ్చులోపల గడుపుట యెట్లు? పాలకు, పెరుగునకు మన గృహిణులకు మేము చెప్పవలసినది లేదు. కాచుటయు, తోడుపెట్టుటయు వారికి తెలిసినవే. కష్టమంతయు ఇన్సులిన్ వాడు రోగులకు వచ్చును. తెరువని సీసా 2 నుండి 8 డిగ్రీల చలిలో నుండవలెను. వాడుకలోనున్న సీసా సుమారు నాలుగు వారములు మామూలు గది వేడిలో నిలుచును. కాని గది వేడి 25, 30 డిగ్రీలకు మించరాదు. మన ప్రాంతమున మే నెల గది అట్లుండదు. అపుడు మట్టికుండ అక్కరకు వచ్చును. పెద్ద కుండలో ఇసుక పోసి, నడుమ చిన్న కుండ నుంచి, ఇసుకను తడిపి, పైన తడిగుడ్డ కప్పి, గాలి యాడు నీడలో పెట్టవలెను. సీసాను తడి తగులని మూత డబ్బాలో నుంచి చిన్న కుండలో పెట్టవలెను. తడి ఆరుచు వేడిని తీసికొనిపోవును. గుజరాతులోని వాంకానేరునకు చెందిన మన్సుఖ్‌భాయి ప్రజాపతి 2001 నాటి భూకంపము పిదప ఇదే సూత్రముపై మట్టితో ఫ్రిజ్జునే చేసెను.

అయితే కుండ గాలి పొడిగానున్నపుడే పనిచేయును. వానకాలపు ముసురులో దానిని నమ్మరాదు. మండు వేసవిలో కూడ అది 2 నుండి 8 డిగ్రీల చలి నీయలేదు. కావున తెరువని సీసాలను మందుల దుకాణపు ఫ్రిజ్జులో ఉంచుమని కోరి, ఒక్కొక్కటి తెచ్చుకొనుట మేలు. ఆరోగ్య కేంద్రమున టీకాల పెట్టెలో పెట్టుమని సిబ్బందిని నిర్బంధింపరాదు. అందు టీకాలు తప్ప మరేదియు ఉంచరాదని నియమము. ఫ్రిజ్జు పనిచేయుచున్నపుడు కూడ ఇన్సులిన్‌ను మంచు అర చెంత నుంచరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరగిన పిదప చూపునకు బాగుగనే యున్నను పనికిరాదు, పారవేయవలసినదే.

క్రొత్త ఫ్రిజ్జును ట్రాక్టరుపై తెచ్చునపుడు నిలువుగనే తేవలెను. దారిలో పడుకోబెట్టవలసివచ్చినచో ఇంట నిలిపి కొన్ని గంటలు ఆగి కరెంటు ఈయవలెను. పాతదానిని పాత సామానులవానికి ఇచ్చినచో అతడు రాగికొరకు గొట్టములు తెగగొట్టి వాయువును గాలిలోనికి విడుచును. 2012 నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నియమములలో ఫ్రిజ్జులు కూడ చేరియున్నవి. వాటిని అధీకృత సేకరణదారులకే అప్పగింపవలెను. కొనిన దుకాణమున మార్పిడి క్రింద తీసికొందురేమో మొదట అడుగుట సులువు. అంతవరకు దొడ్డిలో పెట్టవలసివచ్చినచో తలుపును మరలు విప్పి తీసివేయవలెను. గొళ్లెముతో పడు పాతకాలపు తలుపులు లోపలినుండి తెరచుకొనవు. దాగుడుమూతలాడు పిల్లలు అట్టి పెట్టెలలో చిక్కి ఊపిరాడక మరణించుటచేత, తలుపు లోపలినుండి తెరచుకొనునట్లే చేయవలెనని అమెరికాలో 1956 లో చట్టమే చేసిరి. తలుపు విప్పుటకు ఒక స్క్రూడ్రైవరు, పది నిమిషములు చాలును.