మళ్ళీ మళ్ళీ వచ్చే సయాటికా

పిల్లలూ! సోహార్ నుంచి మస్కట్ వెళ్ళి కారు దిగగానే నాన్న కుంటడం ఎప్పుడైనా చూశారా? నడుములో మొదలై కాలి దాకా పాకే నొప్పి అయితే అది సయాటికా కావచ్చు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. గృధ్రం అంటే రాబందు. రోగి నడక ఆ పక్షి నడకలా ఉంటుందట!

నడుము నుంచి పిరుదు మీదుగా కాలిలోకి దిగే సయాటిక్ నరం శరీరంలోకెల్లా లావైనది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బి ఆ నరం వేరును నొక్కితే కాలు లాగుతుంది.

నాకు మూడుసార్లు వచ్చింది. నొప్పి తగ్గగానే ఫిజియోథెరపీ వ్యాయామాలు మానేయడం నేను చేసిన తప్పు. రోజుల తరబడి పడుకోకూడదు, ఓర్చుకోగలిగినంత నడవాలి. కాలిలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంటిపని: రోజూ అడగండి, "నాన్నా, ఈరోజు వ్యాయామం చేశావా?"