చిలుక ముక్కు ఎందుకు విరుగుతోంది?

ప్రశ్న: రిటైరయ్యాక చెక్క బొమ్మలు చేస్తున్నాను. టేకు ముక్కలో చిలుకను చెక్కుతుంటే ముక్కు దగ్గర పెచ్చులు లేచిపోతున్నాయి. కొత్త ఉలి కొనాలా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఉలి సంగతి తర్వాత, ముందు చెక్క మార్చండి. టేకు తలుపులకు బాగుంటుంది గానీ, అందులోని సిలికా అంచును ఇట్టే మొద్దుబారుస్తుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలిక, మెత్తన; కొత్త చేతికి బాగా లొంగుతుంది.

ఇక పెచ్చులంటారా, అది చాలావరకు నార చేసే పని. నార వాలు చూసుకుని అటే చెక్కాలి. వంపు తిరిగేచోట నార ఎదురొస్తుంది. ఉలి లోపలికి దిగబడుతున్నట్టు అనిపించగానే ఆపి, బొమ్మను తిప్పి అవతలి వైపు నుంచి రండి. అసలు గీత గీసేటప్పుడే ముక్కు పొడవు నార వెంబడి ఉండాలి. అడ్డనారలో పడితే ఎంత నేర్పున్నా పుటుక్కుమంటుంది.

చిలుకకు అది కుదరదంటే ముక్కు విడిగా చెక్కి అతికించండి. చిన్నతనమేమీ కాదు. కొండపల్లి కళాకారులు కాళ్లూ చేతులూ విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే అతుకుతారు.

పాత ఉలినే సానపట్టండి. కాగితం చిరగకుండా నున్నగా తెగితే చాలు. బొమ్మ పట్టుకునే చేతికి మాత్రం మందపాటి గ్లౌజు తప్పనిసరి.